ఇంట్లో ఫ్రీజ్ డ్రయర్: గోంగూరకి సూపర్, ఇడ్లీకి దండగ, ఒక్కరే మాత్రం కొనకండి

టెక్సాస్‌లో పెరటి తోట ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆగస్టు, సెప్టెంబర్ వచ్చిందంటే ఒకటే గొడవ. గోంగూర మనిషెత్తు పెరిగిపోతుంది, బీరకాయలు కోసేకొద్దీ కాస్తూనే ఉంటాయి, కరివేపాకు కుండీలు గుబురుగా అయిపోతాయి, ఎవరికిద్దామన్నా వాళ్ళింట్లోనూ అవే ఉంటాయి. ఇక నవంబర్ చివర్లో ఒక్క రాత్రి ఫ్రాస్ట్ పడిందా, తెల్లారేసరికి మొత్తం నల్లబడి వాలిపోతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం ఎంతని కుక్కుతాం చెప్పండి. అందుకే మా వీధిలో, పక్క వీధిలో ఉన్న నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి ఒక ఫ్రీజ్ డ్రయర్, అంటే తిండిని గడ్డకట్టించి అందులో నీళ్ళు తీసేసి ఎండబెట్టే మెషిన్, కొన్నాం, మా గ్యారేజీలో పెట్టాం, ఏడాది దాటింది, వేసవి చలికాలం రెండూ చూసేసింది. ఎంతకొచ్చింది, ఏం పెట్టొచ్చు, పని చేస్తోందా అని కనపడ్డ ప్రతివాళ్ళూ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తా. ఇంట్లో పండేది తినేదానికంటే ఎక్కువ ఉండి, దాన్ని పంచుకోడానికి దూరంగా పిల్లలో, అన్నదమ్ములో, పెద్దవాళ్ళో ఉన్నవాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చే మెషిన్. ఆకుకూరలకీ, పండ్లకీ, రసం లాంటి వాటికీ దీన్ని మించింది లేదు. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే ఉంటూ కూరగాయలన్నీ స్టోర్‌లో కొనుక్కునేవాళ్ళకి మాత్రం అస్సలు అవసరం లేదు, ఆ డబ్బుతో ఒక టికెట్ కొనుక్కుని ఇండియా వెళ్ళి రండి. తోట ఉన్నవాళ్ళు కూడా ఒక్క కుటుంబమే కొనడం నాకు నచ్చదు, ఎందుకో డబ్బు లెక్క దగ్గర చెప్తా.

అమెరికాలో ఇంటికి ఫ్రీజ్ డ్రయర్ అనగానే అందరి నోటా వచ్చే పేరు హార్వెస్ట్ రైట్, యూటా రాష్ట్రం కంపెనీ, ఇప్పుడు ఇంకొన్ని కంపెనీలు కూడా దిగాయి. నేను ఏదో ఒక కంపెనీని పొగడటానికో తిట్టడానికో రాయట్లేదు, ఈ మీడియం సైజు మెషిన్లు ఎలా ఉంటాయి, వాటితో మన తిండి ఎలా వస్తుంది అన్నదే ఇక్కడ విషయం. మీడియం అంటే ఇంచుమించు డిష్‌వాషర్ సైజు డబ్బా, ముందు మందపాటి పారదర్శకమైన తలుపు, లోపల స్టీలు డ్రమ్ము, అందులో అరల్లోకి తోసే స్టీలు ట్రేలు, పక్కన విడిగా ఒక వాక్యూమ్ పంపు, మధ్యలో లావుపాటి గొట్టం. బరువు వంద పౌండ్ల పైనే ఉంటుంది, ఇద్దరు మనుషులు పట్టుకోవాలి, గట్టి బల్లో చక్రాల బండో ముందే చూసుకోవాలి. వంటింటి గట్టు మీద పెట్టేసుకుందాం అనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

పనిచేసే పద్ధతి తెలిస్తే ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో మీకే అర్థమైపోతుంది, అందుకని రెండు ముక్కలు. మంచుని వేడి చేస్తే ముందు నీరవుతుంది, తర్వాత ఆవిరవుతుంది. కానీ చుట్టూ గాలి ఒత్తిడి బాగా తగ్గించేస్తే మధ్యలో నీరు అనే మెట్టే ఉండదు, మంచు నేరుగా ఆవిరైపోతుంది. టోర్ అంటే గాలి ఒత్తిడి కొలిచే లెక్క, మామూలు గాలి ఒత్తిడి 760 టోర్, అది 4.58 టోర్ కంటే కిందకి దిగితే ఈ పని మొదలవుతుంది, ఈ మెషిన్ అర టోర్ దాకా లాగేస్తుంది. ముందు ట్రేల్లో ఉన్నదాన్ని సున్నాకి బాగా కిందకి, మైనస్ 30, మైనస్ 40 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టిస్తుంది, తర్వాత పంపు గాలి లాగుతుంది, అప్పుడు ట్రేల కింద హీటర్లు చాలా మెల్లగా వెచ్చబెడతాయి, ముక్కల్లో ఉన్న మంచు ఆవిరై వెళ్ళి చల్లటి డ్రమ్ము గోడకి మళ్ళీ మంచుగా అంటుకుంటుంది. లోపల నీరు కరగడం, కారడం అనేది జరగదు కాబట్టి ముక్క కుంగిపోదు, ముడతలు పడదు, ఎంత సైజుకి కోశామో అంత సైజులోనే ఉంటుంది, కేవలం బరువు పోతుంది. మామిడిపండులో నూటికి 83 వంతులు నీళ్ళే, అంటే కేజీ ముక్కలు పెడితే చేతికొచ్చేది 170, 180 గ్రాములు. కానీ సంచి మాత్రం దాదాపు అంతే సైజు ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకోండి, చోటు ఆదా అవుతుందని చాలామంది అనుకుంటారు, పొడి కొట్టుకుంటే తప్ప అవదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. పెరూ, బొలీవియా వైపు ఆండీస్ కొండల్లో రాత్రి మంచుకి బంగాళాదుంపల్ని గడ్డకట్టించి, పగలు ఎండకి పెట్టి, కాళ్ళతో తొక్కి నీళ్ళు పోగొట్టి ఏళ్ళ తరబడి దాచుకునేవాళ్ళు, దాన్ని చూన్యో అంటారు, ఇప్పటికీ చేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం రక్తంలోని ప్లాస్మాని ఇలాగే పొడి చేసి పంపారు, 1960ల్లో ఇన్‌స్టంట్ కాఫీలోకి వచ్చింది. మనవాళ్ళకి దగ్గరి ఉదాహరణ దుగ్గిరాల. పసుపు యార్డుకి పేరున్న ఆ ఊళ్ళోనే సీసీఎల్ వాళ్ళ కాఫీ ఫ్యాక్టరీ ఉంది, అక్కణ్ణుంచి ఫ్రీజ్ డ్రైడ్ కాఫీ ఎన్నో దేశాలకి పోతుంది, చుట్టుపక్కల ఒక్క కాఫీ చెట్టు లేకపోయినా. మైసూరులో రక్షణ శాఖ వాళ్ళ ఆహార పరిశోధన సంస్థ, డీఎఫ్‌ఆర్‌ఎల్ అనేవాళ్ళు, 1961లో మొదలై సైనికుల తిండి మీద ఇలాంటి పనులే చేస్తూ వచ్చింది. కాబట్టి టెక్నాలజీ పాతదే, ఇంటికి సరిపోయే సైజులో దొరకడమే కొత్త.

సరే, తిండి దగ్గరికొద్దాం. మొదట కరివేపాకు గురించి చెప్పాలి, ఎందుకంటే మా నాలుగు ఇళ్ళల్లో ఎవర్ని అడిగినా దీనికే ఫుల్ మార్కులు. కరివేపాకు నీడలో ఎండబెట్టినా, వేడి గాలితో ఎండబెట్టే మామూలు డీహైడ్రేటర్‌లో పెట్టినా రంగు మాడిపోతుంది, వాసన సగం పోతుంది, ఫ్రీజర్‌లో పెడితే నల్లబడి తడి ముద్దవుతుంది. ఇందులోంచి తీసిన ఆకు చెట్టు మీద ఉన్నట్టే ముదురాకుపచ్చగా ఉంటుంది, ఈనె కూడా కనిపిస్తుంది, వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే అప్పడంలా పెళపెళా విరిగిపోతుంది, విరిగిన క్షణం ముక్కుకి తగిలే వాసన చూడాలి, ట్రే తీయగానే గ్యారేజీ అంతా తాలింపు ఘుమఘుమలే. నూనెలో వేస్తే చిటపటలాడదు, నీళ్ళు లేవు కదా, అందుకే మంట తగ్గించి చివర్లో వేయాలి, లేకపోతే క్షణంలో మాడుతుంది. కారప్పొడి కొట్టుకోడానికైతే వేయించే పనే లేదు, నేరుగా మిక్సీలో వేసేయొచ్చు, ఆ పచ్చదనం మామూలుగా వేయించి చేసిన పొడిలో రాదు.

రెండోది గోంగూర. ఆకులు దూసి, కడిగి, నూలు గుడ్డ మీద బాగా ఆరబెట్టి ట్రేల్లో వదులుగా పరవాలి, కుక్కితే మధ్యలో తడి ఉండిపోతుంది. పులుపు ఎక్కడికీ పోదు, ఇంకా చెప్పాలంటే నీళ్ళు పోయాయి కాబట్టి గుప్పెడు పొడి ఆకులో పులుపు బాగా దట్టంగా ఉంటుంది, మొదటిసారి పప్పులో వేసేటప్పుడు తక్కువ వేసుకుని రుచి చూసుకోండి. గోంగూర ఎలాగూ ఉడికితే ముద్దయ్యే ఆకే కాబట్టి దీనికి ఆకృతి పోతుందన్న బాధ లేదు. పప్పుకీ, గోంగూర మాంసానికీ తాజా ఆకుకీ దీనికీ తేడా పట్టుకోలేరు. పచ్చడికి మాత్రం నూనెలో తాజా ఆకు మగ్గితే వచ్చే జిగురు, ఆ రుచి వేరు, దీంతో చేస్తే బాగానే ఉంటుంది గానీ అంత రాదు. మునగాకు, చుక్కకూర, తోటకూర, కొత్తిమీర, పుదీనా అన్నీ బాగా వస్తాయి. మునగాకు పొడి కొట్టి దోసెల పిండిలో కలుపుతున్నాం, పిల్లలు ఏమీ అనకుండా తింటున్నారు. బచ్చలి కొంచెం జిగురు కాబట్టి ట్రేకి అతుక్కుంటుంది, కింద పార్చ్‌మెంట్ పేపర్ వేయాలి.

కూరగాయల్లో అన్నీ ఒక్కలా ఉండవు. బీరకాయ నీళ్ళు పోస్తే మెత్తగా అయిపోతుంది, పప్పులోకి, పచ్చడికి ఓకే, వేపుడికి కాదు. బెండకాయ ముక్కలు కరకరలాడతాయి, ఉప్పు కారం చల్లి అలాగే తినేస్తున్నారు, కానీ మళ్ళీ తడిపి వేపుడు చేద్దామంటే అయ్యే పని కాదు. వంకాయ స్పాంజి ముక్కలా వస్తుంది, నాకు నచ్చలేదు. మునక్కాయ పెట్టకండి, పీచు కర్రలా ఉండిపోతుంది. టమాటా ముక్కలు చాలా బాగుంటాయి, పొడి కొట్టి రసంలో, చారులో ఒక స్పూను వేస్తే చాలు. ఉల్లిపాయ బాగా వస్తుంది గానీ పంపు నుంచి వచ్చే గాలితో గ్యారేజీలో ఉన్న బట్టలకి కూడా ఆ వాసన పట్టేస్తుంది. ఇంకో సంగతి, ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ వాసన డ్రమ్ములో కొంచెం ఉండిపోతుంది కాబట్టి అవి తీసిన వెంటనే పండ్లు పెట్టకండి, లోపల శుభ్రంగా తుడిచి, రెండు ట్రేల బ్రెడ్ ముక్కలు పెట్టి ఒక రౌండ్ తిప్పితే వాసన లాగేస్తుంది.

పండ్లయితే ఎవరైనా మొదట పెట్టేవి ఇవే, నిరాశ పడరు. మామిడిపండు, అరటి, సపోటా, స్ట్రాబెరీ, పనస తొనలు అన్నీ కరకరలాడుతూ నోట్లో వేసుకోగానే కరిగిపోతాయి. పనస తొనలు నాకు అన్నిటికంటే ఇష్టం, నూనెలో వేయించిన చిప్స్‌లో తీపి ఉంటుంది గానీ పనసపండు వాసన ఉండదు, ఇందులో వాసనే ముందొస్తుంది. మామిడికి బాగా పండినదాని కంటే ఒక రోజు ముందు గట్టిగా ఉన్నప్పుడే కోసి పెడితే ముక్క శుభ్రంగా వస్తుంది, మరీ పండితే చక్కెర ఎక్కువై జిగటగా ఉండి ఎండటానికి చాలా టైం తీసుకుంటుంది. సీతాఫలం గుజ్జు ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్‌గా దొరుకుతుంది, అది ట్రేలో పోసి ఎండబెట్టి పొడి చేసుకుంటే పాలల్లో కలిపి మిల్క్‌షేక్, ఐస్‌క్రీం అన్నీ అవుతాయి.

వండిన తిండి విషయంలో ఒక్కటే సూత్రం, నూనె ఎండదు. ఈ మెషిన్ తీసేది నీళ్ళని మాత్రమే, నూనె, నెయ్యి, వెన్న, కొబ్బరి పాలలో కొవ్వు, ఇవన్నీ అలాగే జిడ్డుగా ఉండిపోతాయి, కొన్నాళ్ళకి మక్కిపోతాయి. ఆవకాయ ఇందులో పెట్టొచ్చా అని అడిగినవాళ్ళు చాలామంది, అవసరమే లేదండి, ఉప్పు, నూనె, ఆవపిండి ఆ పని ఎప్పుడో చేసేశాయి. పచ్చి కొబ్బరి తురుము ఎండుతుంది గానీ అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి ఏళ్ళు దాచుకోకండి, తొందరగా వాడేయండి. పప్పు, సాంబారు, రసం, చారు చేసేటప్పుడు తాలింపు పెట్టకుండా ఆపేసి, అలా ఎండబెట్టాలి, తాలింపు తర్వాత.

మా అబ్బాయి కాలేజీ హాస్టల్‌లో ఉంటాడు, గదిలో ఒక కెటిల్ తప్ప ఏమీ లేదు. వాడికి అన్నం ఒక సంచి, టమాటా పప్పు ఒక సంచి, రసం ఒక సంచి అలా పంపుతున్నాం. అన్నం మెతుకులు విడివిడిగా, తెల్లగా, గలగలమంటూ ఉంటాయి, వేడి నీళ్ళు పోసి మూత పెడితే ఐదు నిమిషాల్లో మామూలు అన్నమే, నీళ్ళు కొంచెం కొంచెంగా పోయాలి, ఒకేసారి పోస్తే జావవుతుంది. పప్పు పొడి ఇసక రంగులో ముక్కలుగా ఉంటుంది, నీళ్ళు తగలగానే కలిసిపోతుంది, పైన చిన్న సీసాలో పంపిన నెయ్యి తాలింపు ఒక స్పూను వేసుకుంటాడు. రసం అయితే చెప్పక్కర్లేదు, కప్పులో పొడి వేసి వేడి నీళ్ళు పోస్తే మిరియాల ఘాటుతో సహా వచ్చేస్తుంది, వాడి గదిలో తమిళ పిల్లాడు, గుజరాతీ పిల్లాడు కూడా జలుబు చేస్తే అదే అడుగుతున్నారట. ద్రవాలు పెట్టేటప్పుడు ట్రేకి నాలుగైదు కప్పులకి మించి పోయకండి, ముందు ట్రేలని డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఆ తర్వాత మెషిన్‌లోకి తోయండి, ఒలకవు, మెషిన్‌కి టైం కూడా కలిసొస్తుంది.

ఇడ్లీ మాత్రం వద్దు. తడిపితే బయట ముద్ద, లోపల పొడి. పులిహోర కూడా నూనె, పల్లీల వల్ల జిడ్డుగా ఉంటుంది. కోడి, రొయ్యలు ఉప్పు పసుపు వేసి బాగా ఉడికించిన ముక్కలైతే చాలా బాగా ఎండుతాయి, తర్వాత కూరలో వేసుకోవచ్చు, నూనె వేసిన కూరగా మాత్రం పెట్టకండి. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, గడ్డకట్టించడం వల్ల గానీ, ఎండబెట్టడం వల్ల గానీ బ్యాక్టీరియా చావదు, నిద్రపోతుందంతే, నీళ్ళు తగలగానే మళ్ళీ లేస్తుంది. పచ్చి మాంసం ఎండబెడితే అది పచ్చి మాంసమే, దాన్ని బాగా ఉడికించకుండా నోట్లో పెట్టకూడదు. అందుకే మా ఇళ్ళల్లో అసలు పచ్చి మాంసం పెట్టకూడదని అనుకున్నాం, పిల్లలు సంచి విప్పి చిప్స్ అనుకుని తినేస్తే కష్టం.

పెరుగు గురించి విడిగా చెప్పాలి, ఇది నాకు బాగా సంతోషం కలిగించింది. బ్యాక్టీరియా చావదు అన్న ఆ గుణమే ఇక్కడ మనకి కలిసొస్తుంది. ఇంటి పెరుగు పల్చగా పరిచి, ట్రే వేడి సెట్టింగ్ బాగా తగ్గించి ఎండబెడితే ఆ పొడితో మళ్ళీ తోడు పెట్టుకోవచ్చు. వెచ్చదనం ఎక్కువ పెడితే తోడు బలం తగ్గిపోతుంది కాబట్టి సెట్టింగ్ తప్పకుండా చూసుకోవాలి, పొడిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. సెలవులకి ఇండియా వెళ్ళి నెల రోజుల తర్వాత వచ్చినప్పుడు ఇక తోడు కోసం పక్కింటికి పరుగెత్తక్కర్లేదు, అర చెంచా పొడి గోరువెచ్చటి పాలల్లో వేస్తే, మామూలు కంటే కొన్ని గంటలు ఎక్కువ పడుతుంది గానీ, గట్టిగా తోడుకుంటుంది. ఆ పొడిని నీళ్ళలో కలిపి పెరుగుగా తిందామంటే మాత్రం గడ్డ పెరుగు రాదు, చిక్కటి మజ్జిగ అవుతుంది.

ఇప్పుడు కష్టాలు. టైం ముందు చెప్పాలి, ఆకులైతే ఒక రోజు లోపు అయిపోతుంది, పండ్లు, రసాలు ఒకటిన్నర రోజు, అంతకంటే ఎక్కువ కూడా. ఆ టైం అంతా పంపు మోగుతూనే ఉంటుంది, దాని పక్కన నిలబడి ఫోన్‌లో మాట్లాడలేం. గదికి వేడి కూడా వదులుతుంది. మా టెక్సాస్ జూలై ఎండలో గ్యారేజీలో అయితే మెషిన్ చల్లబడటానికే ఎక్కువ కష్టపడుతుంది, బ్యాచ్ టైం పెరుగుతుంది, అందుకే వేసవిలో సాయంత్రం మొదలుపెడతాం, ఒక ఫ్యాన్ పెడతాం. గ్యారేజీలో ఏసీ లేనివాళ్ళు ఇది ఆలోచించుకుని కొనండి. కరెంటు మా రేటుకి బ్యాచ్‌కి మూడు నాలుగు డాలర్లు అవుతుంది. దీనికి విడిగా 20 ఆంపుల లైను ఉంటే మంచిది, ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్ ఉన్న ప్లగ్గుకే దీన్నీ కలిపితే బ్రేకర్ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

నూనె పంపు ఉన్న మెషిన్ అయితే ఆ నూనె చూసుకోవడం ఇంకో పని. ఆవిరి కొంచెం నూనెలోకి పోతుంది, అప్పుడు పంపుకి ఉన్న గాజు కిటికీలోంచి చూస్తే నూనె పాలలా తెల్లబడి కనిపిస్తుంది, అలా అయితే వెంటనే దించి మార్చాలి లేదా వడగట్టి వాడాలి, లేకపోతే పంపు లోపల తుప్పు పడుతుంది. నూనె అక్కర్లేని పంపులు కూడా ఉన్నాయి, బాగా ఖరీదు. మా నలుగురిలో ఒకాయనకి కార్ల పని మీద ఇష్టం, నూనె డ్యూటీ ఆయనదే, అలాంటి మనిషి ఇంట్లో లేనివాళ్ళు నూనె లేని పంపు గురించి గట్టిగా ఆలోచించండి. తలుపు రబ్బరు మీద ఒక వెంట్రుక ఉన్నా, చిన్న ఆకు ముక్క ఉన్నా వాక్యూమ్ రాదు, ప్రతిసారీ వేలితో తడిమి తుడవాలి. బ్యాచ్ అయ్యాక డ్రమ్ము గోడల చుట్టూ రెండు వేళ్ళ మందం మంచు పేరుకుని ఉంటుంది, తెల్లగా, లోపల గుండ్రంగా, మామిడిపండులోంచి వచ్చిన నీళ్ళు అవే, డీఫ్రాస్ట్ నొక్కితే గొట్టం ద్వారా బకెట్‌లోకి పోతాయి.

అయిపోయింది అని మెషిన్ చెప్పినా నమ్మేయకండి. ట్రే తీసి తూకం వేయండి, మళ్ళీ లోపల పెట్టి రెండు గంటలు ఎక్కువ తిప్పి మళ్ళీ తూచండి, బరువు మారకపోతేనే పూర్తిగా ఎండినట్టు. లావు ముక్కని మధ్యకి విరిచి చూడండి, లోపల చల్లగా తగిలితే ఇంకా మంచు ఉన్నట్టే. ఇది నేను ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, తడి ఉన్నదాన్ని ఆక్సిజన్ తీసేసే చిన్న ప్యాకెట్ వేసి గాలి చొరకుండా మూసేస్తే బొటులిజం అనే ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియాకి కావాల్సింది అదే, దానికి గాలి అక్కర్లేదు, తడి చాలు. వాసన రాదు, రంగు మారదు, ప్రాణం మీదకి వస్తుంది. పూర్తిగా ఎండితే ఆ భయం లేదు. ఎండాక తీరిగ్గా సర్దుకుందాం అంటే కుదరదు, మా దగ్గర గాలిలో తేమకి నిమిషాల్లోనే మెత్తబడతాయి, సంచులు, సీలర్ అన్నీ ముందే పక్కన పెట్టుకుని ఒక్కో ట్రే తీస్తూ మూసేయాలి. మందపాటి మైలార్ సంచులు వాడండి, మామూలు జిప్ కవర్లలోకి తేమ, గాలి మెల్లమెల్లగా చేరిపోతాయి. 25 ఏళ్ళు నిలవుంటుందని ప్రకటనల్లో చెప్తారు, మన మసాలా, నూనె తిండికి ఆ లెక్క పెట్టుకోకండి, మేం ఆకులూ పండ్లూ రెండేళ్ళ లోపు, వండినవి ఏడాది లోపు వాడేయాలని రాసి తేదీ వేసి పెడుతున్నాం.

డబ్బు లెక్క. మీడియం మెషిన్ మూడు వేల డాలర్ల చుట్టుపక్కల, సేల్‌లో కొంచెం తగ్గుతుంది, నూనె లేని పంపు తీసుకుంటే పెరుగుతుంది. సంచులు, ప్యాకెట్లు, సీలర్, అదనపు ట్రేలు కలిపి ఇంకో రెండు మూడు వందలు. స్టోర్‌లో ఔన్సున్నర కూడా ఉండని ఫ్రీజ్ డ్రైడ్ పండ్ల ప్యాకెట్ నాలుగైదు డాలర్లు పెట్టి కొంటున్నాం కదా, అందుకని పండ్లు బాగా తినే ఇంటికి డబ్బు తిరిగొస్తుంది, కానీ వారానికి రెండు బ్యాచ్‌లైనా తిప్పితేనే. ఒక్క కుటుంబం తోట ఎంత కాసినా సీజన్‌లో ఆ మూడు నెలలే, మిగతా తొమ్మిది నెలలు మెషిన్ దుప్పటి కప్పుకుని ఉంటుంది. మేం నలుగురం కాబట్టి తలా ఎనిమిది వందల్లో అయిపోయింది, ఖాళీ అన్న మాటే లేదు, ఒకళ్ళది గోంగూర, ఒకళ్ళది మామిడి, పండక్కి ఒకళ్ళ పెద్దమ్మ వాళ్ళకి పంపే రసం పొడి, ఫోన్‌లో ఒక క్యాలెండర్ పెట్టుకుని వంతులు రాసుకుంటున్నాం. కరెంటు ఎవరి బ్యాచ్‌కి వాళ్ళు మాకు ఇచ్చేస్తారు. రిపేరు వస్తే నలుగురూ సమానంగా అని మొదటి రోజే కాగితం మీద రాసుకున్నాం, ఇది తప్పకుండా చేయండి, స్నేహాలు బాగుంటాయి.

మరి రెండొందల డాలర్ల డీహైడ్రేటర్ చాలదా అంటే, చాలా వాటికి చాలు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, నిమ్మ తొక్కలు దాంట్లోనే చేసుకోండి. మామిడి ఒరుగులు, వడియాలు, చల్ల మిరపకాయలు అయితే ఏ మెషినూ వద్దు, ఎండే కావాలి, ఆ ఎండలో మెల్లగా ఆరేటప్పుడు వచ్చే రుచి ఫ్రీజ్ డ్రయర్‌లో రానే రాదు, అక్కడ మార్పు రాకుండా ఆపడమే దాని పని, వడియానికి కావాల్సింది ఆ మార్పే. రంగు, వాసన, విటమిన్లు నిలవాల్సిన ఆకులకీ పండ్లకీ, నీళ్ళు పోస్తే తిరిగి తిండి అయిపోవాల్సిన వాటికీ మాత్రమే ఈ ఖర్చు పెట్టండి.

ఇండియాకి ఒకటి పంపించవా అని మా పాలమూరు బంధువులు అడుగుతున్నారు, వాళ్ళకి బాలానగర్ సీతాఫలం తోటలున్నాయి, సీజన్‌లో కాయ రెండు రోజులు ఆగదు కదా. ఇక్కడి మెషిన్లు మామూలుగా 110 వోల్టులవి, అక్కడ 230, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఓడలో పంపి, కస్టమ్స్ కట్టి, రిపేరు వస్తే చూసే మనిషి లేకుండా అంత తిప్పలు పడొద్దని చెప్పాను. తోట స్థాయిలో చేయాలంటే ఇంటి మెషిన్ ఏ మూలకీ రాదు, బ్యాచ్‌కి పది పదిహేను పౌండ్లే, అంటే ఐదారు కేజీలు. ఊళ్ళో నలుగురు రైతులు కలిసి యూనిట్ పెట్టుకునే ఉద్దేశం ఉంటే కేంద్ర ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు, అది ఇంకా ఇస్తున్నారో లేదో జిల్లాలో దాని రిసోర్స్ పర్సన్‌ని అడిగి ముందు ఇండియాలోనే తయారయ్యే మెషిన్ల కొటేషన్లు తెప్పించుకోమన్నాను. గుజ్జు తీసి, గింజలు వేరు చేసి, మైనస్ 20లో గడ్డకట్టించి అమ్మే పని అక్కడ ఇప్పటికే కొంతమంది చేస్తున్నారు, దానికి కొనేవాళ్ళు కూడా ఉన్నారు, మొదట అది నిలదొక్కుకున్నాకే ఫ్రీజ్ డ్రయర్ వైపు చూడటం మంచిది.